బండి కిందకి దూరే జాకీ ఏది?

చక్రాల మీద దొర్లే ట్రాలీ జాకీ కొనబోతే, దాని పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది టన్నుల లెక్క. రెండు టన్నులు, రెండున్నర, మూడు. కొనేవాళ్ల చూపు ముందు దాని మీదే పడుతుంది. మారుతి స్విఫ్ట్ ఖాళీ బరువు టన్ను లోపే. ఆల్టో అయితే ఎనిమిది వందల కిలోలు కూడా తూగదు. అలాంటప్పుడు రెండు టన్నుల జాకీ ఈ కార్లను ఆడుతూ పాడుతూ ఎత్తేయాలి. ఎత్తుతుంది కూడా. కానీ ఇంటికి తెచ్చుకున్నాక చాలామందికి ఎదురయ్యే చిక్కు బరువుతో కాదు. ఒకరికి జాకీ తల కారు అంచు కిందకి దూరనే దూరదు. ఇంకొకరికి దూరుతుంది గానీ, హ్యాండిల్ చివరిదాకా కొట్టినా టైరు నేలను వదలదు. ఈ రెంటికీ సంబంధించిన అంకెలు పెట్టె మీదే, టన్నుల అంకెకు అడుగున చిన్న అక్షరాల్లో, మిల్లీమీటర్లలో ఉంటాయి. వాటిని చదివేవాళ్లు తక్కువ.

అసలు ఈ జాకీ ఎవరికి కావాలన్నది మొదటి ప్రశ్న. డిక్కీలో కారుతో పాటు వచ్చే కత్తెర జాకీ ఒకటి చాలా కార్లలో ఉండనే ఉంటుంది. దారిలో టైరు పంక్చరైతే స్టెప్నీ మార్చుకోవడానికి అది చాలు. అందుకే చేశారు దాన్ని. రెండు మూడేళ్లకోసారి స్టెప్నీ మార్చే మనిషి ముప్పై కిలోల ఇనుప బండను కొని ఇంట్లో పెట్టుకోవడం దండగ. అయితే ఈమధ్య కొన్ని కార్లకు స్టెప్నీయే రావడం లేదు. ట్యూబ్‌లెస్ టైర్లు, టైరులో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ కిట్ మూడూ ఉన్న కారుకు స్టెప్నీ తప్పనిసరి కాదని కేంద్రం 2020లో నిబంధన మార్చింది. అలాంటి కారు కొన్నవాళ్లు డిక్కీలో జాకీ ఉందో లేదో ఓసారి తెరిచి చూసుకోవడం మంచిది.

ట్రాలీ జాకీ పని వేరు. పదివేల కిలోమీటర్లకోసారి ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకి మార్చుకునేవాళ్లకి, బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయో చక్రం విప్పి చూసుకునేవాళ్లకి, గుంతలో పడ్డప్పుడల్లా వినిపించే టకటక లింక్ రాడ్‌దో షాకర్‌దో పట్టుకోవాలనుకునేవాళ్లకి, యాక్సిల్ చివర రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్ముతోందేమోనని అనుమానం ఉన్నవాళ్లకి ఇది పనికొస్తుంది. షెడ్డుకు వెళ్లి మెకానిక్ చెప్పింది వినడానికి, చక్రం విప్పి స్వయంగా చూసి వెళ్లడానికి చాలా తేడా ఉంది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లలో సొంత గరాజ్ ఉండి, కూలి ఖర్చు చూసి బెదిరి, ఈ పనులు తామే నేర్చుకున్నవాళ్లు కనిపిస్తారు. మన ఊళ్లలో కూలి అంత భారం కాదు. ఇక్కడ ఈ పని చేసేది ఎక్కువగా బండి మీద ఇష్టం ఉన్నవాళ్లే.

చేత్తో కొట్టే ఒక ఇనుప రాడ్డు అంత బరువును ఎలా ఎత్తుతుందో తెలిస్తే ఏది మంచి జాకీయో గుర్తుపట్టడం తేలికవుతుంది. రెండు మిల్లీలీటర్ల సిరంజి, ఇరవై మిల్లీలీటర్ల సిరంజి తీసుకుని వాటి మూతుల్ని సన్నని ట్యూబుతో కలిపి నీళ్లు నింపండి. చిన్నదాన్ని వేలితో నొక్కితే పెద్దదాన్ని బొటనవేలితో ఆపడం కష్టమవుతుంది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని వైపులకూ తగ్గకుండా పాకుతుందని ఫ్రాన్స్ శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ పదిహేడో శతాబ్దంలో చెప్పాడు. ఆయన రాసింది పుస్తకంగా వచ్చేసరికి ఆయన లేడు. చనిపోయిన మరుసటి ఏడు, 1663లో అచ్చయింది. ఆ సూత్రంతో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంట్ తీసుకున్నాడు. మోసుకెళ్లగలిగే హైడ్రాలిక్ జాకీ మీద రిచర్డ్ డజన్ న్యూయార్కులో 1851లో పేటెంట్ పొందాడు. అంటే కారు పుట్టకముందే జాకీ పుట్టింది.

ట్రాలీ జాకీలో హ్యాండిల్ కొట్టినప్పుడల్లా ఒక సన్నని పిస్టన్ ట్యాంకులోని నూనెను లాగి లావు సిలిండర్‌లోకి తోస్తుంది. మధ్యలో చిన్న ఉక్కు గుండ్లు వాల్వులుగా ఉండి, లోపలికి పోయిన నూనెను వెనక్కి రానివ్వవు. సన్న పిస్టన్ వ్యాసం 12 మి.మీ., లావుది 36 మి.మీ. అనుకుంటే బలం తొమ్మిది రెట్లవుతుంది. హ్యాండిల్ పొడవు వల్ల ఇంకో ఇరవై రెట్లు కలిసొస్తే మొత్తం 180 రెట్లు. కానీ ఆ బలం నేరుగా కారును తాకదు. లావు పిస్టన్ జాకీ చేతిని దాని కీలుకు దగ్గరగా పట్టుకుని తిప్పుతుంది గనక అక్కడ కొంత పోతుంది. ఐదో వంతే మిగిలిందనుకున్నా 36 రెట్లు. హ్యాండిల్ మీద 20 కిలోల బలం వేస్తే తల దగ్గర 720 కిలోలు లేస్తాయి. మధ్యరకం ఎస్‌యూవీకి ఒక మూల లేవడానికి అది ధారాళంగా సరిపోతుంది. ఈ సౌకర్యానికి చెల్లించే మూల్యం ఒక్కటే: ఒక్కో దెబ్బకు కారు లేచేది కొద్ది మిల్లీమీటర్లే.

ఇక్కడే టన్నుల లెక్క సంగతి తేలిపోతుంది. జాకీ మొత్తం కారును ఎప్పుడూ ఎత్తదు. ఒక మూల ఎత్తితే కారు బరువులో మూడో వంతుకు అటూ ఇటూ, ముందు భాగం మొత్తం మధ్యలో పట్టి ఎత్తితే సగానికి కాస్త పైన పడుతుంది. ఇంజిన్ ముందే ఉంటుంది గనక వెనకకన్నా ముందు బరువెక్కువ. సుమారు 1,800 కిలోల ఇన్నోవా క్రిస్టాకు కూడా ముందు భాగం ఎత్తడానికి లెక్కప్రకారం రెండు టన్నుల జాకీ చాలు. మరి మూడు టన్నులది ఎందుకంటే, అందులో చట్రం పొడుగు, చక్రాలు వెడల్పు, ఎత్తే దూరం ఎక్కువ. కొనేది ఆ స్థిరత్వాన్ని. ఇంకో చిన్న కిటుకు: అమెరికా మార్కెట్ కోసం చేసిన సరుకు మీద టన్ను అంటే 2,000 పౌండ్లు, అంటే 907 కిలోలు. అక్కడి మూడు టన్నుల జాకీ అసలు మోసేది 2,720 కిలోలు. ప్రమాదమేమీ లేదు గానీ, తెలిసి ఉండటం మేలు.

అసలు చూడాల్సిన అంకెలు రెండు. జాకీ పూర్తిగా దిగి ఉన్నప్పుడు తల ఎత్తెంత? పూర్తిగా లేచినప్పుడు ఎంత?

మామూలు ట్రాలీ జాకీ దిగినప్పుడు 130 నుంచి 140 మి.మీ. ఉంటుంది. లో ప్రొఫైల్ అని అమ్మేవి 75 నుంచి 100 మి.మీ. మధ్యకు దిగుతాయి. మన కార్లకు నేలకూ అడుగుభాగానికీ మధ్య ఖాళీ చిన్నవాటికి 160, 170 మి.మీ. ప్రాంతంలో, ఎస్‌యూవీలకు 190 నుంచి 210 దాకా ఉంటుంది. కాగితం మీద చూస్తే 140 మి.మీ. జాకీ దేనికిందికైనా దూరాలి. కానీ ఆ కొలతలు టైర్లలో నిండుగా గాలి ఉన్నప్పటివి. టైరు పూర్తిగా చచ్చిపోతే ఆ మూల రిమ్ము మీదకు దిగిపోతుంది, ఐదారు సెంటీమీటర్లు తేలిగ్గా పోతాయి. జాకీ తల మీద రబ్బరు ప్యాడ్ పెడితే ఇంకో రెండు సెంటీమీటర్లు. చిన్న కారున్న ఇంట్లో 100 మి.మీ. లోపు దిగే జాకీయే నిశ్చింత. ముందు భాగాన్ని మధ్యలో పట్టి ఎత్తాలనుకుంటే ఇంకో ఇబ్బంది ఉంది: జాకీ పెట్టాల్సిన అడ్డ దూలం బంపర్ నుంచి రెండడుగులు లోపల ఉంటుంది. అడుగున్నర పొడవు బుల్లి జాకీని అంత లోపలికి తోస్తే హ్యాండిల్ బంపర్‌కు తగిలి పైకి కిందకి ఆడదు. గీతలు పడేది బంపర్‌కే.

పై ఎత్తు దగ్గర దెబ్బతినేది ఎస్‌యూవీ యజమానులు. కారును అంచు దగ్గర పట్టి ఎత్తినప్పుడు బాడీ వెంటనే లేస్తుంది, చక్రం లేవదు. స్ప్రింగు సాగి, చక్రం కిందికి వేలాడుతూ నేలనే పట్టుకుని ఉంటుంది. తొమ్మిది పది సెంటీమీటర్లు బాడీ లేచాక గానీ టైరు నేలను వదలదు. ఒక ఎస్‌యూవీ అంచు నేల నుంచి 220 మి.మీ. ఎత్తులో ఉందనుకుందాం. స్ప్రింగు సాగడానికి 100. గాలి నిండిన టైరు ఎక్కించడానికి ఇంకో 30. మొత్తం 350 మి.మీ. సూట్‌కేసులాంటి ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే చౌకరకం రెండు టన్నుల జాకీలు చాలావరకు 330 మి.మీ. దగ్గర ఆగిపోతాయి. బరువు మోయలేక కాదు, చేయి అంతకన్నా పైకి పోదు గనక. అప్పుడు జాకీ కింద ఇటుకలు పేర్చడం, తల మీద చెక్కముక్కలు పెట్టడం లాంటి ఆలోచనలు మొదలవుతాయి. ఆ ఇటుక పగిలిననాడు ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఎస్‌యూవీకి 450 మి.మీ. పైకి లేచే జాకీ తీసుకోవాలి. చిన్న కార్లకు 380 దాటితే హాయి.

ఒకే ఇంట్లో చిన్న కారు, ఎస్‌యూవీ రెండూ ఉంటే 90 మి.మీ. దగ్గర మొదలై 480, 500 దాకా లేచే జాకీలు దొరుకుతాయి. అవి బరువు. మూడు టన్నుల ఉక్కు జాకీ ముప్పై ఐదు నుంచి నలభై ఐదు కిలోలు తూగుతుంది. అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో దాచి, పని పడ్డప్పుడల్లా లిఫ్టులో కిందకి దింపుకునే వస్తువు కాదది. అల్యూమినియంవి తేలిక, తుప్పు పట్టవు, ధర మాత్రం ఎక్కువ. వాటిని మొదట రేసింగ్ వాళ్లు ఇష్టపడ్డారు. పిట్‌లో జాకీ పట్టుకుని పరిగెత్తాలి కాబట్టి. సొంత ఇల్లు, వాకిట్లో షెడ్డు ఉన్నవాళ్లు ఉక్కుదే తీసుకోవడం తెలివైన బేరం. ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు అల్యూమినియం మీద పెట్టే అదనపు డబ్బు నడుంనొప్పి ఖర్చులో మిగులుతుంది.

ఇక నేల. ట్రాలీ జాకీకి చక్రాలు ఎందుకున్నాయని అడిగితే, ఒకచోటి నుంచి ఇంకోచోటికి లాక్కెళ్లడానికి అంటారు. అది సగం నిజం. జాకీ చేయి కీలు చుట్టూ తిరుగుతూ లేస్తుంది కాబట్టి తల నిటారుగా పైకి పోదు. విల్లులా వంగిన దారిలో, హ్యాండిల్ వైపుకు జరుగుతూ పోతుంది. పూర్తిగా లేచేసరికి ఆ జరుగుడు పది సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. కారు కదలకూడదు గనక ఆ మేరకు జాకీయే దొర్లుకుంటూ లోపలికి పోవాలి. నున్నని కాంక్రీటు మీద కొట్టి చూస్తే ఒక్కో దెబ్బకూ జాకీ ఇంచి ఇంచిగా కారు కిందకి పాకడం కంటికి కనిపిస్తుంది. మట్టి నేలలో, కంకరలో చక్రాలు కూరుకుపోతే జాకీ పాకలేదు. అప్పుడు కారునే లాగుతుంది, లేదా తల కారు అంచు మీద నుంచి జారుతుంది. జాకీ కదులుతోందని భయపడి దాని చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టేవాళ్లు ఆ ప్రమాదాన్ని చేతులారా తెచ్చుకుంటారు. అడ్డం పెట్టాల్సింది కారు చక్రాలకు.

మన అపార్ట్‌మెంటు సెల్లార్లలో ఇప్పుడు కాంక్రీటు మీద పార్కింగ్ టైల్స్ పరుస్తున్నారు. జాకీ ఇనుప చక్రం టైల్‌ను తాకేది గీతంత జాగాలోనే. ఏడు వందల కిలోలు ఆ సన్నని గీతల మీద పడితే కింద డొల్లగా ఉన్న టైల్ పటుక్కుమంటుంది. వెడల్పు చక్రాలున్న జాకీ కొంత నయం. అర అంగుళం మందం, జాకీ దొర్లేంత పొడవు ఉన్న ప్లైవుడ్ పలక పరిస్తే మరీ నయం. ర్యాంప్ వాలులో మాత్రం ఏ జాకీతోనూ ఏ పలకతోనూ ఈ పని పెట్టుకోకూడదు.

కారు ఎక్కడ పట్టి ఎత్తాలన్నది జాకీ ఎంపికలో భాగమే. చాలా కార్లకు తలుపుల కింద అంచులో రెండు రేకుల్ని కలిపి వెల్డు చేసిన సన్నని కుట్టు ఉంటుంది. ముందు చక్రం వెనక, వెనక చక్రం ముందు, ఆ కుట్టుకు రెండేసి చిన్న గాట్లు గుర్తుగా పెడతారు. ఆ రెండు గాట్ల మధ్య భాగంలో రేకు గట్టిది. కత్తెర జాకీ తలలో ఆ కుట్టు కూర్చోడానికి గాడి ఉంటుంది. ట్రాలీ జాకీ తల గుండ్రని ఇనుప కప్పు. దాన్ని నేరుగా పెడితే కుట్టు వంగుతుంది, పెయింటు లేస్తుంది, వానాకాలం వచ్చేసరికి అక్కడ తుప్పు మొదలవుతుంది. మధ్యలో గాడి ఉన్న రబ్బరు ప్యాడ్ తక్కువ ఖరీదే. జాకీతో పాటు రాకపోతే విడిగా కొనుక్కోవాలి. ఇంజిన్ ఆయిల్ చాంబర్ కింద, గేర్‌బాక్సు కింద, డ్రైవర్ కాళ్ల కిందుండే పల్చని రేకు కింద జాకీ పెట్టి చేసిన నష్టాలు షెడ్డుల్లో రోజూ చూసేవే. ఎలక్ట్రిక్ కార్లలో అయితే ఆ మధ్య భాగమంతా బ్యాటరీ. దాని డబ్బా మీద జాకీ తల నొక్కుకుంటే అయ్యే ఖర్చు ముందు జాకీ ఖరీదు లెక్కలోకే రాదు. అలాంటి కార్లకు కంపెనీ చూపిన నాలుగు చోట్లు తప్ప ఐదోది లేదనుకోవాలి.

ఇక్కడొక చిక్కుముడి వస్తుంది. జాకీ పెట్టాల్సిందీ ఆ నాలుగు చోట్లే, ఎత్తాక కారును ఆపి ఉంచే స్టాండు పెట్టాల్సిందీ అవే. రెండూ ఒకేచోట పట్టవు. అందుకే పనివాళ్లు ముందు భాగాన్ని మధ్యలోని దూలం దగ్గర ట్రాలీ జాకీతో ఎత్తి, రెండు పక్కలా అంచుల కింద స్టాండులు పెట్టి, జాకీని దించి బరువు వాటికి అప్పగిస్తారు. ఏ దూలం, ఏ చోటు అన్నది కారుకొక రకం. కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్లో ట్రాలీ జాకీ పెట్టే చోట్లు కొన్ని కంపెనీలు బొమ్మ గీసి చూపిస్తాయి. గ్లవ్ బాక్సులో కవరు కూడా తీయకుండా పడుండే ఆ పుస్తకాన్ని జాకీ కొనే ముందే చదివితే, ఎంత పొడవు చట్రం కావాలో అందులోనే తెలిసిపోతుంది.

స్టాండులు లేకుండా జాకీ కొనడమంటే సగం కొనడమే. జాకీ మీద నిలిచిన కారు బరువంతా లోపలి నూనె మీద, దాన్ని ఆపుతున్న వేలెడు రబ్బరు సీళ్ల మీద, వాల్వు గుండు మీద ఆధారపడి ఉంటుంది. వాల్వు గుండు కింద ఒక ఇసుక రేణువు చిక్కితే చాలు, కారు కంటికి తెలియనంత నెమ్మదిగా దిగుతుంది. సీలు తెగితే నెమ్మదిగా కూడా కాదు. అందుకే తయారీదారులందరూ ఒకే మాట రాస్తారు: ఎత్తడానికి జాకీ, ఆపి ఉంచడానికి స్టాండు. చక్రం మార్చడమైనా సరే, ఒంట్లో ఏ భాగమైనా కారు కిందకి పోతుందంటే స్టాండు ఉండి తీరాలి. విప్పిన చక్రాన్ని పక్కన పడేయకుండా అంచు కిందకి అడ్డంగా తోసి ఉంచడం పాత మెకానిక్కుల అలవాటు. అన్నీ తప్పినా కారు దాని మీద ఆగుతుంది.

స్టాండులూ తప్పులకు అతీతం కావు. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల దుకాణాల సంస్థ పిట్స్‌బర్గ్ బ్రాండుతో అమ్మిన మూడు టన్నులు, ఆరు టన్నుల స్టాండులను 17 లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. పైకి లాగితే పళ్లు ఒక్కొక్కటే పట్టుకుంటూ ఆగే రకం అవి. తయారీలో వాడే పనిముట్లు అరిగిపోవడంతో కొన్నిటిలో కొక్కెం పళ్లలోకి పూర్తి లోతుగా కూర్చోలేదు. పైన బరువు కదిలితే ఒక్కసారిగా దిగిపోయే ప్రమాదం బయటపడింది. ఇంకా ఘోరం ఏమిటంటే, వాటికి బదులుగా ఇచ్చిన కొత్త మూడు టన్నుల స్టాండుల్లో కొన్నిటికి వెల్డింగు లోపమని తేలి, అదే ఏడాది వాటినీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పళ్ల స్టాండు కొంటే ఎత్తు పెట్టాక లివర్‌ను కిందకి నొక్కి, చేత్తో ఊపి, కొక్కెం నిండా కూర్చుందో లేదో కంటితో చూడాలి. అడ్డంగా ఇనుప పిన్ను దూర్చే రకంలో ఎత్తులు కొన్నే ఉంటాయి గానీ, బరువు మోసే పిన్ను కళ్లెదుట కనిపిస్తుంది. కొన్ని పళ్ల స్టాండులకు అదనంగా పిన్ను కూడా ఇస్తున్నారు. వాటికి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినా తప్పులేదు. చిన్న స్టాండుల కనీస ఎత్తు 270 మి.మీ. దగ్గర ఉంటుంది. జాకీ అంతకన్నా హాయిగా పైకి లేవకపోతే స్టాండు కింద పట్టదు. పై ఎత్తు అంకెకు ఇది ఇంకో కారణం.

హ్యాండ్‌బ్రేక్ వేశాం కదా అన్న ధీమాతో జరిగే పొరపాటు ఒకటుంది. మన కార్లలో దాదాపు అన్నిటికీ హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలను. వెనక భాగం మొత్తం ఎత్తేస్తే ఆ బ్రేకు గాలిలో ఉన్న చక్రాలను పట్టుకుని ఉంటుంది, నేల మీదున్న ముందు చక్రాలకు దానితో సంబంధమే ఉండదు. ముందు చక్రాలు తిప్పే కారైతే గేరులో పెట్టి ఉంచితే కొంత ఆపుతుంది. ముందు భాగం ఎత్తితే ఇది తిరగబడుతుంది: గేరు పనికిరాదు, బ్రేకు పనికొస్తుంది. కాబట్టి ఏ వైపు ఎత్తినా రెండోవైపు చక్రాలకు ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టాలి. నట్లు కూడా చక్రం నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేసుకోవాలి. జాకీ మీదున్న బండిని పాన పట్టుకుని ఊపడం ఎవరికీ మంచిది కాదు.

కొట్టుకు వెళ్లినప్పుడు అమ్మేవాడి మొదటి మాటను బట్టే కొంత తెలుస్తుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పాతకాపు ఎవరినైనా ‘అన్నా, ట్రాలీ జాకీ చూపియ్’ అంటే ‘ఏం బండి సార్?’ అని ఎదురు ప్రశ్న వేస్తాడు. విజయవాడ ఆటోనగర్‌లో అదే ప్రశ్న ‘బండేంటండీ?’ అని వస్తుంది. ఆ ప్రశ్న అడక్కుండా ‘ఇది మంచి మూవింగ్ సార్’ అని డబ్బా చేతిలో పెట్టేవాడి దగ్గర నుంచి పక్క కొట్టుకు నడవొచ్చు. ఆన్‌లైన్‌లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. జాకీని ముట్టుకుని చూసే వీలూ లేదు. మొదటిసారి కొనేవాళ్లు కాస్త తిరిగైనా కొట్టులోనే కొనడం మేలు.

ముట్టుకుంటే ఏం తెలుస్తుంది? ముందు తలను వేళ్లతో తిప్పి చూడాలి, ఎత్తేటప్పుడు కారుతో పాటు సర్దుకోవాలంటే అది తేలిగ్గా తిరగాలి. చేయిని రెండు పక్కలకూ ఊపితే కొద్దిపాటి ఆటకు మించి లొడలొడలాడకూడదు. వెల్డు వరుస తెగకుండా, ఒకే వెడల్పులో ఉండాలి. పెయింటు కింద గుంతలు, బుడగలు ఉంటే పక్కన పెట్టేయొచ్చు. తర్వాత ఖాళీగా పూర్తి ఎత్తుకు కొట్టించాలి. మధ్యలో హ్యాండిల్ స్పాంజిలా మెత్తగా ఆడితే లోపల గాలి చేరిందని అర్థం. అది లోపం కాదు, రవాణాలో పడుకోబెడితే చేరుతుంది. రిలీజ్ వాల్వు వదులు చేసి నాలుగైదుసార్లు కొట్టి బిగిస్తే పోతుంది. పోకపోతేనే అనుమానించాలి. కొన్నిటిలో రెండు పంపులుండి, బరువు తగిలేదాకా నాలుగైదు దెబ్బల్లోనే తల పైకి వచ్చేస్తుంది. కారు కింద పడుకుని, సరైన చోటు చూసుకుంటూ నెమ్మదిగా తలను ఆనించాలనుకునే కొత్తవాళ్లకు ఆ వేగం అంత అవసరం లేదు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష బరువు మీదే. కొట్టు ముందు నిలిపిన సొంత కారునే ఒక మూల కొద్దిగా ఎత్తమని అడగొచ్చు, ఆటోనగర్లలో ఇది వింత కోరికేమీ కాదు. ఎత్తాక జాకీ చేయి పక్కన చట్రం మీద సుద్దముక్కతో గీత గీసి, పావుగంట ఆగి చూడాలి. గీత దగ్గరే ఉంటే వాల్వులు బాగున్నట్టు. దించేటప్పుడు ఇంకా జాగ్రత్తగా గమనించాలి. మంచి జాకీలో హ్యాండిల్‌ను కొద్దికొద్దిగా తిప్పితే కారు అంతే కొద్దికొద్దిగా దిగుతుంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. నాసిరకం జాకీలో పావు చుట్టుదాకా ఏమీ జరగదు, ఆ తర్వాత కారు ధబ్బున కూర్చుంటుంది. స్టాండు మీదకు బరువు మెల్లగా దించాల్సిన పనిలో ఇది చాలా పెద్ద తేడా. ఒక్క ఈ గుణాన్ని చూసి జాకీ ఎంచుకోమన్నా అతిశయోక్తి కాదు.

పెట్టె మీద ఏ ప్రమాణానికి లోబడి చేశారో రాసి ఉందేమో చూడాలి. యూరప్‌కు చేసిన వాటి మీద ఈఎన్ 1494, అమెరికాకు చేసిన వాటి మీద ఏఎస్ఎంఈ పేస్ అని కనిపిస్తుంది. రాసినంత మాత్రాన నమ్మేయలేం గానీ, తయారీదారు పేరు, చిరునామా, ప్రమాణం ఏదీ లేకుండా టన్నుల అంకె ఒక్కటే మెరిసే డబ్బాను వదిలేయడం తేలిక. సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే ఎలక్ట్రిక్ జాకీలు, పొగగొట్టం గాలితో ఉబ్బే సంచి జాకీలు ప్రకటనల్లో చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఇంట్లో నేల మీద చేసే పనికి అవి ట్రాలీ జాకీకి సాటి రావు. లారీల్లో వాడే బాటిల్ జాకీ బలమైనదే, చవకైనదే. అడుగు చిన్నది, నిటారుగా లేస్తుంది, కాస్త పక్కకు ఒరిగితే తట్టుకోదు, పైగా చాలా కార్ల అంచు కిందకి అది పట్టనే పట్టదు.

కొన్నాక జాకీ అడిగే సేవ తక్కువే. పని అయ్యాక పూర్తిగా దించి పెట్టాలి. పిస్టన్ కడ్డీ నూనెలో మునిగి ఉంటే తుప్పు పట్టదు, బయటికి నిలిచి ఉంటే విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తొందరగా మచ్చలు పడుతుంది. మచ్చ పడ్డ కడ్డీ ప్రతి కదలికకూ సీలును గీరుతుంది, నూనె కారడం అలా మొదలవుతుంది. నూనె తగ్గితే జాకీ పూర్తి ఎత్తుకు రాదు. పోయాల్సింది హైడ్రాలిక్ జాకీ ఆయిలే, అదీ జాకీ పూర్తిగా దిగి ఉన్నప్పుడు. అందుబాటులో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే జాకీలోని రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి, ఆ రెండు ద్రవాల రసాయనం వేరు. చక్రాలకు, కీళ్లకు అప్పుడప్పుడు కాస్త గ్రీజు.

సీళ్లు ఏనాటికైనా అరుగుతాయి. అరిగినప్పుడు మంచి జాకీకి సీల్ కిట్ వేయిస్తే మళ్లీ కొత్తదానిలా పనిచేస్తుంది. కిట్ దొరకని జాకీ మాత్రం పాత ఇనుము కిందే పోతుంది. కాబట్టి డబ్బులు కట్టకముందే, ఈ మోడల్‌కు సీల్ కిట్ విడిగా ఇస్తారా, ఇస్తే ఎక్కడ దొరుకుతుంది అని అడగాలి. కొట్టువాడు వెనకగదిలోకి వెళ్లి కిట్ తెచ్చి చూపిస్తే బేరం మొదలుపెట్టొచ్చు.